సున్నం పూసిన కారు

గుమ్మడికాయలు కడిగిన తొట్టిలోనే కారును కూడా కడిగేశారు.

శనివారం సాయంత్రం కరుణమ్మ చర్చి వెనక్కు వెళ్లేసరికి పని అయిపోయింది. కోత పండుగకు ముందురోజు పేటలోని ఆడవాళ్లంతా కూడి, దేవునికి వచ్చిన కానుకలను కడిగి, తుడిచి, బలిపీఠం ముందు పేర్చడం ఆనవాయితీ. దేవుని ముందుకు మట్టితో ఏదీ పోకూడదు. గుమ్మడికాయలను ఆముదం గుడ్డతో నిగనిగలాడేదాకా రుద్దుతారు. కోడిపుంజుల కాళ్లు కూడా కడుగుతారు. మరునాడు ఆరాధన ముగిశాక అన్నిటినీ వేలం వేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి హిందువులు కూడా వచ్చి పాడుకుపోతారు.

కరుణమ్మ ఇచ్చింది కాయ కాదు, కోడి కాదు. డాల్డా డబ్బాల రేకుతో చేసిన కారు బొమ్మ. పొద్దున దాన్ని తెచ్చి, సంఘం కార్యదర్శి భార్య ప్రమీలమ్మ చేతిలో పెట్టినప్పుడు దాని ఒంటి నిండా ఎర్రదుమ్ము ఉంది. తలుపుల మీద ముళ్ల గీతలున్నాయి. అడుగున తుప్పు, వెనక గొట్టం చుట్టూ నల్లటి మసి ఉన్నాయి. ఇప్పుడది పాలలో ముంచి తీసినట్టు తెల్లగా, రెండు గుమ్మడికాయల మధ్య కూర్చుని ఉంది.

"ఏందమ్మా గిది?" అంది కరుణమ్మ.

"మంచిగైంది గదా కరుణా," ప్రమీలమ్మ చేతులు తుడుచుకుంటూ సంబరంగా చెప్పింది. "మస్తు మురికుండె. కుంకుడు రసం పోసి పీచుతోటి రుద్దిన. గీతలు మాత్రం పోలే. గుడికి కొట్టిన సున్నం జర మిగిలుంటే రెండు పూతలు పూసిన. సూడు, ఇయ్యాల కొన్న కారు లెక్క మెరుస్తున్నది."

"మురికి కాదమ్మా. అది నేను పెట్టిన."

"మురికి ఎవలన్న పెడతరా?"

గుమ్మడికాయ తుడుస్తున్న మారెమ్మ నవ్వింది. "ఇంట్ల మురికి తీయలేక మనం సస్తుంటే, ఈమె కూసుని పెట్టిందంట. మా ఇంటికి రా వదినె, పెట్టే పని తప్పుతది."

ఆడవాళ్లందరూ నవ్వారు. కరుణమ్మకు నవ్వు రాలేదు. కారును చేతుల్లోకి తీసుకుంది. సున్నం ఇంకా తడి ఆరలేదు. బొటనవేలితో ఎడమ తలుపు మీద నొక్కితే వేలి గుర్తు పడింది తప్ప, కింద ఆమె పెట్టినదేదీ కనపడలేదు. వానాకాలం మొదలైనప్పటి నుంచి చేసిన పని అది.

పేటలో సంఘం వాళ్ల చిన్న దవాఖాన ఉంది. దానికొక తెల్ల అంబాసిడర్ కారు ఉంది. కరుణమ్మ భర్త మోషే ఆ కారు డ్రైవరు. డ్రైవరుకు జీతం ఉండేది. రోజూ సాయంత్రం ఆ కారు కడిగే కరుణమ్మకు ఏమీ ఉండేది కాదు. కడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా అనలేదు. డ్రైవరు పెళ్లాం కాబట్టి కడిగేది. అలా కడిగి కడిగి ఆ కారు ఏ మడతలో దుమ్ము దాక్కుంటుందో, నీళ్లు పోస్తే ఎక్కడి నుంచి ఎర్రగా జారతాయో ఆమె చేతులకు తెలిసిపోయింది.

ఆ ఏడు, అరవై తొమ్మిది ఎండాకాలంలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం చేవెళ్ల దాకా వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. మొయినాబాద్ దగ్గర రోడ్డుకు అడ్డంగా చెట్లు నరికి పడేశారు. పట్నంలో కర్ఫ్యూ. సెలవు మీద పోయిన నర్సు అక్కడే చిక్కుకుపోయింది. కార్యదర్శి ప్రేమదాసు సారు, ఆయనే బడిలో పెద్ద పంతులు కూడా, కారు షెడ్డు దాటకూడదని చెప్పి తన ఇంటి తలుపు వేసుకున్నాడు. కారు మీద రాయి పడితే ఎవరు కట్టాలని ఆయన భయం. దవాఖానకు సర్కారు ఇచ్చే సాయం ఎక్కడ ఆగిపోతుందోనని అంతకన్నా పెద్ద భయం.

రోగాలకు హర్తాళ్లు లేవు. మారెమ్మ కూతురికి పురిటినొప్పులు మొదలై ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. మారెమ్మ వచ్చి మోషే ఇంటి ముందు నేల మీద కూర్చుంది. ఏమీ అడగలేదు, కూర్చుంది అంతే. మోషే తాళంచెవి తీసుకుని లేచాడు.

తారురోడ్డు మీద పోయే వీలు లేదు. బండ్ల బాట పట్టి, మోకిల మీదుగా, ముళ్ల కంచెల నడుమ నుంచి, వాగు దాటి శంకర్‌పల్లి స్టేషనుకు చేర్చాడు. అప్పటి నుంచి ఎవరు వచ్చినా అదే దారి. రైలు నడిచిన రోజు రైలెక్కించేవాడు, నడవని రోజు తానే వికారాబాద్ పెద్ద దవాఖాన దాకా తీసుకుపోయేవాడు. ఆ తర్వాత ఊరి సంగయ్య తన తల్లి సత్తమ్మను తెచ్చాడు. ఆమెకు కడుపులో నొప్పి, ఒళ్లు కాలిపోతోంది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఒకచోట పిల్లగాళ్లు కారు ఆపి, వెనక డిక్కీ మీద తారుతో 'జై తెలంగాణ' అని రాశారు. ఆ రాత చూపించి మరో నాలుగు చోట్ల దాటగలిగాడు. ఇంకోచోట చీకట్లో ఎవరో విసిరిన రాయికి ముందు లైటు పగిలింది.

గొడవలు కాస్త సద్దుమణిగాక ఒక ఆదివారం, ఆరాధన చివర ప్రకటనలు చదివే వేళ ప్రేమదాసు సారు లేచాడు. మోషే అనుమతి లేకుండా దవాఖాన కారును కిరాయికి తిప్పాడనీ, ఉద్యమం వాళ్లతో షికార్లు చేసి కారును పాడు చేశాడనీ, అతన్ని పనిలోంచి తీసేశామనీ చదివాడు. ఆ కారులో పోయి బతికివచ్చిన వాళ్లు బెంచీల మీదే ఉన్నారు. మారెమ్మ మనవడికి పాలిస్తున్న తన బిడ్డ పక్కనే కూర్చుని ఉంది. ఎవరూ నోరు విప్పలేదు. వాళ్ల పిల్లలు ఆ సారు బడిలో చదువుతున్నారు. వాళ్ల జ్వరాలకు ఆ దవాఖానే దిక్కు.

వారం తిరక్కుండా కారును పట్నం పంపి, సొట్టలు తీయించి, కొత్త రంగు వేయించారు. మోషే ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పే గుర్తులన్నీ దాంతోనే పోయాయి.

కిరాయి డబ్బు మింగిన డ్రైవరని పేరు పడ్డవాడికి మొయినాబాద్‌లో గానీ చేవెళ్లలో గానీ ఎవరూ బండి తాళం ఇవ్వలేదు. మోషే ఇసుక ఎత్తే కూలికి పోయాడు. పని లేని రోజు గడపలో కూర్చుని డబ్బా రేకులు కత్తిరించేవాడు. కారు మీద జానెడు ఉంటే బొమ్మ మీద వేలి వెడల్పు. అదీ అతని లెక్క. హవాయి చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు చేశాడు. ముందు లైట్లకు పాత చొక్కా గుండీలు పెట్టాడు. తెల్ల రంగు వేసి ఆరబెట్టి, అచ్చం షెడ్డులో ఉన్న కారులా ఉందని మురిసిపోయాడు.

"గిది ఆ కారు కాదు," అంది కరుణమ్మ. "వాళ్లు రంగేసి పెట్టుకున్న కారు."

ఒక గుండీ పీకేసి పగిలిన లైటు చేసింది. ఎర్రమట్టిని పాత చీర గుడ్డలో జల్లించి, గంజిలో కలిపి అద్ది, వాన జారిన తీరుగా పైనుంచి కిందికి బొటనవేలితో గీసింది. పెనం అడుగున గీకిన తుప్పును చింతపండు రసంలో నానబెట్టి అడుగు రేకులకు పట్టించింది. దీపం మసిని ఆముదంతో నూరి గొట్టానికి రాసింది. తుమ్మ ముల్లుతో గీతలు గీసింది. డిక్కీ మీద అక్షరాలు రాయడానికి చీపురుపుల్ల కొనను నమిలి కుంచె చేసుకుంది.

"కిరాయికి తిప్పిన కారు తారురోడ్డు మీద తిరుగుతది," అంది భర్తతో. "కంచెలల్ల తిరగదు. వేలం నాడు ఊరందరి ముందట పెడత. సూసి చెప్పనీ."

"దేవుని కానుకను కొట్లాటకు పెడతవా?"

"ఆయన ముందట గాకపోతే ఎవని ముందట పెట్టాలె?"

ఇప్పుడది సున్నం కింద ఉంది.

ఆమె కారును చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే ప్రేమదాసు సారు ఏర్పాట్లు చూడడానికి వచ్చాడు. బొమ్మను చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మోషే చేసిండా? భేష్. బండిని గిట్ల శుభ్రంగ ఉంచుకోవాలె. గీ బుద్ధి అప్పుడుంటే ఎంత బాగుండు."

కరుణమ్మ కారును గుండెకు దగ్గరగా పట్టుకుంది. "ఇంటికి తీస్కపోయి సరిచేసి తెస్త సారు."

"ఇచ్చినంక వాపస్ ఎట్ల తీస్కపోతవు? దేవునికి మచ్చలేనిది పెట్టాలె. మచ్చ లేకుండ చేసిండ్రు. ఇంకేం ఫికరు?"

ఆయన ఆమె చేతిలోంచి కారును తీసుకుని, తానే గుమ్మడికాయల మధ్య పెట్టాడు.

ఇంటికి వచ్చాక కరుణమ్మ అన్నం తినలేదు. ప్రమీలమ్మ మీద ఆమెకు కోపం లేదు. ఆ తల్లి గుమ్మడికాయను ఎంత ప్రేమగా కడిగిందో దాన్నీ అంతే ప్రేమగా కడిగింది. పెద్ద కారుకు పట్నంలో చేయించిందే చిన్న కారుకు ఇక్కడ జరిగితే, దాన్ని చూసి సారు భేష్ అన్నాడు. అదీ ఆమెకు మింగుడుపడనిది.

"పోనీ తియ్యి కరుణా," అన్నాడు మోషే.

"ఏం పోనియ్యాలె? నీ పేరా, నీ నౌకరీనా?"

మోషే తల వంచుకుని కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక వేలం మొదలైంది. చర్చి మెట్ల మీద ప్రేమదాసు సారు, కింద ఆవరణలో జనం. సంగయ్య అప్పటికే సొరకాయ పాడుకుని చంకలో పెట్టుకున్నాడు. కోళ్లు అయ్యాయి, వడ్ల బస్తా అయింది. సారు కారును పైకెత్తి పట్టుకున్నాడు.

"మోషే కుటుంబం కానుక. కొత్త కారు, పెట్రోలు ఖర్చు లేదు. పాడుండ్రి."

జనం నవ్వారు. నవ్వు ఆగకముందే కరుణమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. చేతిలో చిన్న గంప ఉంది. వేలంలో ఆడవాళ్లు ముందుకు రావడం అక్కడ అలవాటు లేదు.

"జర ఆగుండ్రి సారు. గది సగం పనే. పూర్తి చేసి ఇస్త."

"కానుక వాపస్ తీస్కోరని నిన్ననే చెప్పిన గద."

"వాపస్ ఎవలు అడిగిండ్రు? గీడనే, అందరి ముందట చేస్త."

సారు ఏదో అనేలోపే ఆమె కారు అందుకుని కింది మెట్టు మీద కూర్చుంది. తడిగుడ్డతో సున్నం తుడిచింది. పూర్తిగా పోలేదు, మూలల్లో తెల్లగా మిగిలింది. గంప నుంచి గంజి, ఎర్రమట్టి, మసి తీసి పక్కన పెట్టుకుంది. ముల్లు తీసింది.

"గిది వాగు దాటినప్పటి బురద," అని తలుపుల సగం దాకా గంజిమట్టి అద్దింది. "గిది మోకిల కాడ కంచెకు గీసుకున్నది," అని ఎడమ తలుపు మీద ముల్లుతో బలంగా లాగింది. "సత్తమ్మవ్వను తీస్కపోయిన్నాడు."

మోషే వెనక గోడ దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ప్రేమదాసు సారు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు సంగయ్య సొరకాయను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"అక్కా, గది ఎడమ దిక్కు కాదు."

కరుణమ్మ తలెత్తింది.

"కుడి దిక్కు," అన్నాడు సంగయ్య, కొంచెం ఇబ్బందిగా. "ఎడమ దిక్కు మా అవ్వ పండుకున్నది. నేను కుడి దిక్కు కిటికీల చెయ్యి బయటికి పెట్టి కూసున్న. ముల్లు నన్ను కూడ గీరింది." చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి మచ్చ చూపించాడు. పక్కనున్న వాళ్లు మెడలు సాచి చూశారు.

కరుణమ్మ నిజంగానే తప్పు గీసింది. కోపంలో బొమ్మను తనవైపు తిప్పుకుని, కుడి ఏదో ఎడమ ఏదో మరిచింది. కానీ సంగయ్య చెయ్యి చూడగానే ఆమెకు ఒకటి అర్థమైంది. నాలుగు నెలలుగా నిజం చెప్పమని ఎవర్ని బతిమాలినా నోరు విప్పని జనం, తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేరు.

తర్వాతి మరకను ఆమె తెలిసే తప్పు పెట్టింది.

"గిది మారెమ్మ బిడ్డ కక్కిన మరక," అని ముందు సీటు తలుపు మీద గంజి పూసింది.

ఆడవాళ్ల గుంపులో మారెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది.

"ముందల సీట్ల ఎందుకు కూసుంటది వదినె? నొప్పులు పడే పిల్లను ముందల కూసోవెడతరా ఎవలన్న? ఎనక, నా ఒళ్లె తల పెట్టి పండుకున్నది. కక్కింది ఎనక తలుపు మీద. మోషన్న దిగి వాగు నీళ్లు తెచ్చి మొఖం కడిగిండు."

"ఎనకనా? సరే ఎనకనే," అని కరుణమ్మ అక్కడ తుడిచి ఇక్కడ పూసింది.

"ఇంకా కిందికి."

"గింతనా?"

"ఆ. గింత."

ఇక ఆగలేదు. వాగులో చక్రం దిగబడితే తోసింది తానని ఒకడన్నాడు. కాదు, నువ్వు గట్టు మీద నిలబడి బీడీ తాగినవు, తోసింది నేనని ఇంకొకడన్నాడు. రాయి పడింది శంకర్‌పల్లి పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడని ఒకామె పట్టుబట్టింది. డిక్కీ మీద అక్షరాల్లో 'జై' పెద్దగా, మిగతాది చోటు చాలక చిన్నగా ఉండేదని నలుగురు ఒక్కసారే చెప్పారు. వాళ్లు చెప్పినట్టల్లా కరుణమ్మ గీసింది.

"సంగయ్యా," అన్నాడు ప్రేమదాసు సారు, మెట్ల మీది నుంచి. "కిరాయి ఎంతిచ్చినవు?"

సంగయ్య సొరకాయను కింద పెట్టాడు.

"ఇయ్యబోతే తీస్కోలే సారు. అవ్వకు పండ్లు కొనుక్కపో అన్నడు."

"ఎవలన్న ఇచ్చిండ్రా?" కరుణమ్మ లేచి నిలబడి జనం వైపు తిరిగింది. "ఇచ్చినోళ్లు ఉంటే గిప్పుడే చెప్పుండ్రి. మా ఇంటాయన గీడనే ఉన్నడు."

ఎవరూ లేవలేదు.

"సరే, కమిటీ కూసున్నప్పుడు మాట్లాడుదం," అన్నాడు సారు. "గిది వేలం జాగ."

"ఆ ఆదివారం గిది ఏం జాగ సారు? గీ గుడిల, గిందరి ముందట సదివినవు. కిరాయికి తిప్పిండని నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలో అనుకుంటుంటే విన్న. కారు అవతారం సూస్తే గట్లనే ఉండె."

"కారు అవతారం గిట్లుండె," అని ఆమె బొమ్మను ఆయన ముందుకు చాచింది. తడి మట్టి ఆమె మణికట్టు మీదుగా కారుతోంది. "సూసి ఏం తెల్సుకున్నవు? పోయినోళ్లను ఒక్కల్నన్న అడిగినవా? అనేటప్పుడు కమిటీ అక్కర పడలే. వాపస్ తీస్కునేటందుకు కావాల్నా?"

ప్రేమదాసు సారు జనాన్ని చూశాడు. ఇంకా అమ్ముడుపోని గుమ్మడికాయలు మెట్ల మీద వరుసగా ఉన్నాయి. వాటి వైపు ఎవరూ చూడటం లేదు. భార్య ప్రమీలమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి ఆయన్నే చూస్తోంది.

"మోషే కిరాయికి తిప్పలేదు," అన్నాడు చివరికి, గుమ్మడికాయలతో చెబుతున్నట్టు.

"ఎనకకు వినవడలే సారు," అన్నాడు సంగయ్య.

"మోషే కారును కిరాయికి తిప్పలేదు. నేను తెల్సుకోకుండ అన్న." ఈసారి గట్టిగానే వినిపించింది. "రేపటిసంది పనికి రమ్మనుండ్రి," అని, మళ్లీ వేలం గొంతు తెచ్చుకుని, "ఆ, కారు. పాడుండ్రి," అన్నాడు.

మోషే గోడ దగ్గర నుంచి గబగబా ముందుకు వచ్చాడు. రెండు చేతులూ జోడించి వంగాడు. "మీ దయ సారు. మీ దయ."

కరుణమ్మ అటు చూడలేదు. కారును సంగయ్య పాడుకున్నాడు. అతని చేతిలో పెడుతూ, తడి ఆరేదాకా పట్టుకోవద్దని మాత్రం చెప్పింది.

ఇంటి దారిలో మోషే పదే పదే ఏదో మాట్లాడాడు. షెడ్డు తలుపు బందు వదులైందన్నాడు. బ్యాటరీకి నీళ్లు పోశారో లేదో అన్నాడు. ఆమె పలకకపోయేసరికి ఆగాడు.

"ఇంకేం కోపం? అయిపాయె గద."

"దయ అంటవేంది? ఏం దయ? నాలుగు నెలలు నీతోటి ఇసుక ఎత్తించినందుకు దయనా?"

"నోట్లకెల్లి వచ్చింది."

"వస్తది నీకు." ఆమె చేతికి ఎండిన మట్టిని చీర కుచ్చెళ్లకు రుద్దుకుంది. "సారు సంగతి సరే. ఆయన ఏంటోడో ముందే తెలుసు. మారెమ్మ గీ నాలుగు నెలలు మనింటికి సల్లకు వచ్చింది. గీ గడపల కూసుని తాగింది. ఒక్కనాడు నోరు తెరిసిందా? ఇయ్యాలేమో వాంతి ఎంత కిందికి పడ్డదో గుర్తున్నది ఆమెకు. ఇన్నొద్దులు గుర్తు లేదా?"

"గుర్తు లేకేం. భయపడ్డరు. పిల్లలు ఆయన బడిల ఉన్నరు. పేదోళ్లు, ఏం చేస్తరు?"

"మనం ఉన్నోళ్లమా?" అంది కరుణమ్మ. "నాకు లేదా భయం?"

వెనక నుంచి మారెమ్మ, వదినే ఆగు, కలిసి పోదామని కేకేస్తూ వస్తోంది. కరుణమ్మ ఆగలేదు. నడక కూడా తగ్గించలేదు.